నీ పేరు మీద ఉన్న నా ఎక్స్‌రే

బెంగళూరు,
క్యాన్సర్ ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు, 17వ మంచం.
8-3-1981

తమ్ముడు ఆవులప్పకు హనుమప్ప రాసేది.

నేనింకా చావలేదు, ముందు ఆ సంగతి తెలుసుకో. మారికుప్పం స్టేషన్లో నన్ను రైలెక్కించేటప్పుడు నువ్వు ఏడ్చిన ఏడుపుకు, శవాన్ని తీసుకొని పోతున్నారేమో అనుకొని పక్కనున్నవాళ్ళు జరిగి చోటిచ్చినారు. దానివల్ల కాళ్ళు చాపుకొని వచ్చినాను, అంతమటుకు నీకు పుణ్యం. ఒక తల్లి కడుపున పుట్టకపోయినా ఇరవై ఏళ్ళు బంగారు గనిలో ఒకే మిషన్‌కు చెరో పక్క నిలబడి రాయి తొలిచినోళ్ళం. రెండుసార్లు పైన రాయి పేలితే ఒకరినొకరు లాక్కొని బయటపడినోళ్ళం. రైలు దగ్గర ఏడుస్తారా?

వచ్చి వారమైంది. మెడ కింద గాటు పెట్టి ముక్క తీసి పరీక్షకు పంపినారు. కుడి ఊపిరితిత్తిలో పైన నిమ్మకాయంత గడ్డ ఉందంట. దాని పేరు చెప్పడానికి వాళ్ళకు మొహమాటం, నాకేమీ లేదు. క్యాన్సరు. మీ వదిన గురువమ్మకు కూడా నేనే చెప్పినాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది.

ఇక్కడి డాక్టరు సుబ్బరాయ అని, చిన్న వయసు, మంచివాడు. నా కొత్త ఎక్స్‌రే చూసి, "నీ ఊపిరితిత్తుల్లో రాతి దుమ్మే లేదే, మైన్స్‌వాళ్ళు దుమ్ము పట్టిందని నిన్ను ఎట్లా ఇంటికి పంపినారు?" అని అడిగినాడు. నేను దగ్గు నటించినాను. ఏం చెప్పేది? ఎక్స్‌రే గదిలో మొహం ఎవరూ చూడరు, ఇత్తడి టోకెను మీద నంబరే చూస్తారు, అందుకని నా టోకెను పట్టుకొని ఆవులప్ప నిలబడినాడు, వాడి టోకెను పట్టుకొని నేను నిలబడినాను అని చెప్పేదా? వాడికి దుమ్ము ఉంది గానీ ఉద్యోగం కావాలి, నాకు దుమ్ము లేదు గానీ అన్‌ఫిట్ కావాలి, నేను అన్‌ఫిట్ అయితే నా కొడుకు రామాంజికి నా పని ఇస్తారు అని చెప్పేదా?

ఇప్పుడు అసలు పని. ఆ ఏడాదిన్నర కిందటి ఎక్స్‌రే ఫిల్ము డాక్టరుకు కావాలి. అప్పుడే ఈ గడ్డ చిన్నగా ఉండుంటే ఇది నిదానంగా పెరిగే రకమంట, రొమ్ము తెరిచి కోసి తీసేయొచ్చంట, బతుకుతానంట. అప్పుడు ఏమీ లేకపోయుంటే పరిగెత్తే రకమంట, కత్తి పెట్టి లాభం లేదు, సూదులే గతి. అంతవరకు చూస్తూ కూర్చోకుండా రేపటినుంచి సూదులు మొదలుపెడతారు.

నా పేరు మీద ఉన్న ఫిల్ము పంపేవు సుమా, అందులో ఉండేది నీ రొమ్ము. నీ పేరు మీద ఉన్నదే నాది. మైన్స్ ఆసుపత్రిలో ఎక్స్‌రే పటాల గది చూసుకునే బచ్చప్పను అడిగి తీసుకొని, పేరు రాసిన మూల బ్లేడుతో గీకేసి, రామాంజితో పంపు. ఒక్క రోజు పని.

నీ అన్న,
హనుమప్ప


మారికుప్పం,
16-3-1981

పూజ్యులైన హనుమన్నకు తమ్ముడు ఆవులప్ప నమస్కారాలు.

నీ జాబు చేరింది. చదివి అన్నం ముట్టలేదు. నీ మరదలు గంగమ్మ కూడా ముట్టలేదు. పదకొండు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. నా ప్రాణం ఇక్కడ లేదన్నా, నీ మంచం కాళ్ళ దగ్గరే ఉంది.

నువ్వు చెప్పిన పని మీద మర్నాడే పటాల గదికి పోయినాను. తాళం వేసి ఉంది. బచ్చప్ప అత్తగారి మామిడితోట కాపలాకని శ్రీనివాసపురం పోయినాడంట, ఎప్పుడు వస్తాడో ఎవరికీ తెలీదు. వచ్చిన రోజే అడుగుతాను.

ఒక మాట చెబుతాను, కోపం చేసుకోవద్దు. ఇట్లాంటి సంగతులు జాబులో రాస్తే ఎట్లన్నా? మన పోస్టాఫీసులో ఎవరి జాబు ఎవరు చదువుతారో నీకు తెలీదా? నీ జాబు పొయ్యిలో వేసినాను. నువ్వు కూడా ఇది చించేయి.

రామాంజి పని బాగా చేస్తున్నాడు. నీ మిషన్ మీదే, నీ చోటులోనే, నా పక్కనే నిలబడతాడు. అచ్చం నీ లాగే చెయ్యి ఎత్తుతాడు. చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. బేతమంగళ చెరువు నీళ్ళు మూడు రోజులుగా కొళాయిలో రాలేదు, అదొక బాధ.

స్వామి ప్రసాదం పొట్లం కట్టి పంపుతున్నాను. సూది వేసుకునే ముందు నోట్లో వేసుకో.

నీ తమ్ముడు,
ఆవులప్ప


బెంగళూరు,
27-3-1981

ఆవులప్పకు,

ప్రసాదం అందింది. సూది వేసుకునే ముందు వేసుకోమన్నావు గానీ అది వచ్చేసరికి సూది అయిపోయింది. తర్వాత వేసుకున్నాను. అర నిమిషంలో స్వామి బయటికి వచ్చేసినాడు.

సూది అంటే గుచ్చి తీసేది అనుకుంటిని. కాదు. మంచం పక్కన ఇనప కొయ్యకు గాజు సీసా తలకిందులుగా వేలాడదీసి, నరంలోకి గొట్టం పెడతారు. నర్సమ్మకు నరం దొరక్క నాలుగు చోట్ల పొడిచింది. బంగారు చార యాడుందో తెలియని సూపర్‌వైజరు మన చేత ఊరికే రాయి తొలిపించినట్టు. ఐదో పోటుకు దొరికింది. ఆ గొట్టంలోకి ఎర్రటి మందు నిదానంగా తోసింది. మన మైన్స్ లైన్ల ఇళ్ళ దగ్గర ఐసు అమ్మేవాడు పిల్లలకు పోసే రంగునీళ్ళ లాగా ఉంది. చెయ్యంతా చల్లబడింది, ఇంకేమీ లేదు. "ఇంతేనా?" అన్నాను. ఆమె పోయి బేసిను తెచ్చి మంచం కింద పెట్టింది.

రెండు గంటలకు మొదలైంది. నేను తాగనోడిని కాను, నీకు తెలుసు, కక్కడం కొత్త కాదు. ఇది అట్ల కాదు. కడుపులో ఏమీ లేకపోయినా పేగులు పైకి వస్తాయి. పచ్చటి నీళ్ళు, తర్వాత ఉత్త శబ్దం. బ్లాస్టింగ్ అయినాక పొగ పోకముందే లోపలికి పోతే తల పగిలిపోతుంది చూడు, ఆ తలనొప్పి మూడు రోజులు. ఒంటికి పోతే ఎర్రగా వచ్చింది. నెత్తురనుకొని కేక పెట్టినాను. మందు రంగేనంట, ముందే చెప్పడం మరిచిపోయినారంట. నోరంతా ఇనుము నాకినట్టు. గురువమ్మ రాగిముద్ద చేసి తెస్తే ఆ వాసనకే ఆమెను అరిచి బయటికి పంపినాను. పాపం, గిన్నె పట్టుకొని వరండాలో కూర్చొని తానే తినింది.

ఇక్కడ కూడా నంబరే, పేరు లేదు. వార్డుబాయి ఒకడున్నాడు. "ఓ పదిహేడూ, బేసిన్లో కక్కు. నేల మీద కక్కితే నువ్వే తుడుచుకోవాల" అంటాడు. తుడుచుకున్నాను కూడా. మైన్స్‌లో మూడువేల అడుగుల కింద పనిచేసినోడిని, ఒక గుడ్డముక్క పట్టుకొని నేల మీద పాకినాను.

పక్క మంచం దొడ్డమునియప్పది, టేకల్ దగ్గర చెనక్కాయలు పండించే రైతు. తల నున్నగా ఉంది, కనుబొమలు కూడా లేవు. నేను వచ్చిన రోజే పలకరించినాడు. "ఈ మంచానికి నువ్వు మూడోవాడివి బా" అన్నాడు. ముందు ఇద్దరూ ఏమైరి అంటే, "ఒకడు ఇంటికి పోయినాడు. ఇంగొకడూ ఇంటికే పోయినాడు" అని ముసిముసిగా నవ్వినాడు. మనిషికి ఇంత విషం ఎందుకో అనుకున్నాను.

ఫిల్ము సంగతి ఏమైంది? డాక్టరు రోజూ అడుగుతున్నాడు. రెండో సూది ఏప్రిల్ మొదట్లో ఉంది. ఫిల్ము వస్తే, కోసేదా లేదా అని పెద్ద డాక్టర్లతో మాట్లాడతానన్నాడు. ఆలస్యమయ్యేకొద్దీ కోయడానికి ఏమీ మిగలదు అని కూడా అన్నాడు. ఈ మాట నీకు అర్థం కావాలనే ఇంత పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. బచ్చప్ప మామిడికాయలన్నీ తినేసి వచ్చేదాకా నేను ఆగలేను.

హనుమప్ప


మారికుప్పం,
12-4-1981

పూజ్యులైన హనుమన్నకు,

నీ జాబు చదివి గంగమ్మ చెంబు పట్టుకోలేక కింద పడేసింది. నీకు ఇంత కష్టం రావాలా? లైన్లో అందరూ నిన్నే తలుచుకుంటున్నారు.

మనసు గట్టి చేసుకొని ఒక సంగతి రాస్తున్నాను. బచ్చప్ప వచ్చినాడు. అడిగినాను. పాత ఫిల్ములు ఏవీ లేవంటన్నా. ఫిల్ముల్లో వెండి ఉంటుందని మద్రాసు వ్యాపారి ఒకడు వచ్చి, మొన్న సంక్రాంతికి ముందే పాతవన్నీ తూకానికి కొనుక్కొని పోయినాడంట. నీదీ నాదీ అన్నీ అందులోనే పోయినాయి. ఇంక వాటిని మరిచిపోదాం. పెద్ద చదువులు చదివిన డాక్టర్లకు పాత ఫిల్ము లేకుండా తెలీదా? కొత్తది ఉంది కదా, దాన్ని చూసి చెప్పమను.

ఇంకొక సంగతి కూడా ఆలోచించన్నా. ఒకవేళ ఫిల్ము దొరికినా, దాన్ని ఆ డాక్టరు చూసి, ఈ పేరు ఏమి, ఆ పేరు ఏమి అని మైన్స్‌కు జాబు రాస్తే? నా ఉద్యోగం పోతే పోనీ. రామాంజిది నిలుస్తుందా? పెళ్ళి కుదురుతున్న పిల్లోడు. వాడి అన్నం మనమే తీసేసినట్టు కాదా? నీకంటే ముందే ఈ మాట నేను ఆలోచించినాను, నువ్వు నొప్పిలో ఉన్నావు కాబట్టి.

జూన్ నెలాఖరులో మళ్ళీ అందరికీ ఎక్స్‌రేలంట. నా దగ్గు నీకు తెలుసు. నువ్వు లేవు కాబట్టి ఈసారి నా టోకెను పట్టుకోమని రామాంజిని అడిగినాను. "మీ ఇష్టం చిన్నాయనా" అన్నాడు. బంగారం లాంటి బిడ్డను కన్నావు.

నీ తమ్ముడు,
ఆవులప్ప


బెంగళూరు,
3-5-1981

ఆవులప్పా,

రెండు సూదులు అయిపోయినాయి, మూడోది కూడా మొన్న పడింది. జుట్టు పోయింది. పొద్దున లేచేసరికి దిండు మీద పిల్లి పడుకున్నట్టు ఉంది, అది నా జుట్టే. మీసం కూడా వదిలేసింది. గురువమ్మ నన్ను చూసి వేరే మంచం దగ్గరికి పోబోయింది. నోట్లో పుండ్లు, మజ్జిగ కూడా మంట. ఇరవై ఏళ్ళు మిషన్ ఎత్తిన చేతులు, ఇప్పుడు చెంబు ఎత్తితే వణుకుతాయి.

దొడ్డమునియప్ప పోయినాడు. వాడి అన్న చెనక్కాయల లారీ మాట్లాడుకొని వచ్చినాడు, దుప్పటి కప్పి తీసుకొని పోయినారు. సాయంత్రానికి ఆ మంచం మీద ఎవరో బడిపంతులు వచ్చి పడుకున్నాడు. నా వైపు చూసి భయంగా నవ్వినాడు. "ఈ మంచానికి నువ్వు రెండోవాడివి బా" అన్నాను. అది నా నోటినుంచి ఎట్ల వచ్చిందో నాకే తెలీదు. ఆయన మొహం వాడిపోతే నాకు సంతోషమైంది. ఈ ఎర్రమందు జుట్టు ఒక్కటే కాదు, ఇంకేదో కూడా రాల్చేస్తుంది.

ఇంక నీ సంగతికి వస్తాను.

గురువమ్మ బట్టలకని పోయిన వారం ఇంటికి వచ్చింది కదా. నీ ఇంట్లో కాఫీ కూడా తాగింది. ఆమె నీకు చెప్పకుండా ఒక పని చేసింది. బచ్చప్ప ఇంటికి పోయి వాడి ముందు నిలబడి ఏడ్చింది. వాడు అసలు శ్రీనివాసపురం పోనేలేదంట, వాడి అత్తకు మామిడితోట లేదంట. వెండి వ్యాపారి కొన్నది పదేళ్ళ కిందటి ఫిల్ములు. మన ఏడాదివి అన్నీ అరలో ఉన్నాయి, నంబరు ప్రకారం. ఒక్కటే లేదు. నీది. అంటే నాది.

ఎందుకు లేదంటే పుస్తకంలో రాసి ఉంది. "ఆవులప్ప, డ్రిల్లరు. పెద్ద డాక్టరుగారి ఆదేశం మేరకు బెంగళూరులో చూపించుకొనుటకు ఫిల్ము స్వయముగా తీసుకొన్నాడు." కింద నీ సంతకం. తారీఖు దీపావళి అయిన వారానికి, 1979లో. గురువమ్మకు చదువు రాదు కాబట్టి బచ్చప్ప రెండుసార్లు చదివి వినిపించినాడంట. ఆమె ఒక్క అక్షరం పోకుండా వచ్చి నాకు చెప్పింది.

నువ్వు బెంగళూరు ఎప్పుడు వచ్చినావు? ఎవరికి చూపించినావు? మైన్స్ పెద్ద డాక్టరు నిన్ను పిలిచి ఏం చెప్పినాడు? నా రొమ్ములో ఏం చూసి నిన్ను పంపినాడు?

దేవుడి పేరు లేకుండా, గంగమ్మ చెంబు లేకుండా, నాకు జవాబు రాయి. ఫిల్ము ఇంకా నీ దగ్గర ఉంటే ఈ జాబు చదివిన రోజే రైలెక్కి తీసుకొని రా. డాక్టరు ఈ నెలాఖరు అన్నాడు. ఆ తర్వాత కోసేదేమీ ఉండదు.

హనుమప్ప


మారికుప్పం,
14-5-1981

అన్నా,

నాలుగు సార్లు రాసి చించినాను. ఇది ఐదోది.

దీపావళి అయినాక పెద్ద డాక్టరు నన్ను పిలిపించినాడు. దుమ్ము దొరికిపోయింది, పని పోయినట్టే అనుకుంటిని. లోపలికి పోతే ఆయన నన్ను కూర్చోబెట్టి, ఫిల్మును దీపం ముందు పెట్టి, "ఆవులప్పా, నీ కుడి పక్క పైన చిన్న మచ్చ ఉంది, చూడు, చింతగింజంత. భయపడవద్దు. బెంగళూరు పోయి తీయించుకుంటే అంతటితో అయిపోతుంది. ఆలస్యం చేయవద్దు" అన్నాడు. జాబు రాసి ఇచ్చినాడు, ఫిల్ము కూడా ఇచ్చి సంతకం తీసుకున్నాడు.

అది నీ రొమ్ము అని నాకు ఆ క్షణమే తెలుసు. తెలీలేదని అబద్ధం చెప్పను.

నేరుగా మీ ఇంటికే వచ్చినానన్నా. నిజం. నువ్వు అరుగు మీద కూర్చొని ఉంటివి. ఆ రోజే నీ అన్‌ఫిట్ కాగితం చేతికి వచ్చింది. వదిన పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. "రారా ఆవులప్పా, రామాంజికి పని వచ్చినట్టే" అని నా నోట్లో నువ్వే ఓళిగ పెడితివి. ఎట్ల చెప్పేదన్నా? చెబితే నువ్వు ఆసుపత్రికి పోతావు, ఈ ఫిల్ము ఎవరిది అంటారు, అంతా బయటపడుతుంది. నాకు కొడుకు లేడు. అన్‌ఫిట్ అంటే నాకు ఉద్యోగమూ పాయ, క్వార్టర్సూ పాయ, గంగమ్మను తీసుకొని యాడికి పోయేది? ఒక వారం ఆగి చెబుదాం అనుకుంటిని. రామాంజికి ఆర్డరు వచ్చినాక చెబుదాం అనుకుంటిని. తర్వాత నువ్వు బాగానే ఉంటివి, నవ్వుతా ఉంటివి, సైకిలు తొక్కుతా ఉంటివి. చింతగింజే కదా, డాక్టరు పొరపాటుగా చూసినాడేమో అనుకుంటిని. ఆయన అడిగితే బెంగళూరులో ఏమీ లేదన్నారు అని చెప్పినాను. ఆయన కూడా పని వదిలి వాళ్ళ ఊరికి పోయినాడు.

ఫిల్ము నా దగ్గర లేదు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో సూర్యగ్రహణం పట్టింది గుర్తుందా? లైన్లో అందరూ ఎక్స్‌రే ముక్కలు అడ్డం పెట్టుకొని చూస్తామని వెతుకుతుంటే, నేను పెట్టె తీసి దాన్ని కత్తిరించి తలా ఒక ముక్క పంచినాను. ఇంట్లో ఉంటే నిద్ర పట్టేది కాదన్నా. కానీ ఒక్కటి చేసినాను, దేవుడి సాక్షిగా. ఆ మచ్చ ఉన్న ముక్క నీ చేతికే ఇచ్చినాను. నువ్వే చూసి అడుగుతావు, అడిగితే చెప్పేద్దాం, పాపం తీరిపోతుంది అనుకున్నాను. నువ్వు సూర్యుణ్ణి చూసినావు గానీ ఏమీ అనలేదు. నేను ఏం చేసేది?

నన్ను కొట్టు, తిట్టు. కానీ ఎవరికీ చెప్పవద్దన్నా. రామాంజి కోసమైనా చెప్పవద్దు. జూన్ నెలాఖరుకు వాడు నా టోకెను పట్టుకుంటానని మాట ఇచ్చినాడు, ఆ ఒక్కటీ ఆపవద్దు. నేను ఇంక మూడేళ్ళే చేయగలిగేది.

నీ కాళ్ళు పట్టుకొని,
ఆవులప్ప


బెంగళూరు,
7-6-1981

ఆవులప్పా,

నీ జాబు చదవగానే గురువమ్మను ఇంటికి పంపినాను. ఆమె ఏదీ పారేయదు, నీకు తెలుసు. గాజుల పెట్టెలో అడుగున పెట్టింది, మళ్ళీ గ్రహణం వస్తే పనికి వస్తుందని. అరచెయ్యంత ముక్క. మర్నాడు పొద్దునకంతా తెచ్చి ఇచ్చింది.

డాక్టరు దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకొని చూసినాడు. ముందు సంతోషపడినాడు, చిన్నపిల్లోడి లాగా. "ఇదే, ఇదే! ఇంతే ఉంది అప్పుడు!" అని నాకు కూడా చూపించినాడు. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించినాడు. నిదానంగా పెరిగే రకమేనంట. అప్పుడే తీసుంటే ఇంటికి పోయి అన్నం తిని పనికి పోయుండేవాడినంట. ఈ మార్చిలో ఈ ముక్క వచ్చున్నా కోసి చూసేవాళ్ళంట. పోయిన వారం కొత్తగా చేసిన పరీక్షలో అది కాలేయంలోకి దిగిందని తేలింది. ఇంక కత్తీ లేదు, సూదీ లేదు. నేను కక్కిన కక్కంతా, పోగొట్టుకున్న జుట్టంతా, ఆ మూడు సీసాల ఎర్రమందూ ఈ రకానికి సరైన మందే కాదంట. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు.

అంటే నన్ను రెండుసార్లు చంపినావు. ఒకసారి భయపడి, ఇంకొకసారి తీరిగ్గా, జాబులు రాస్తా, ఒక్కపొద్దులు ఉంటా.

నీ జాబులో ఒక అబద్ధం ఉంది. పాపం ఒప్పుకునేటప్పుడు కూడా నువ్వు ఒకటి దాచుకుంటావు. నేను ఏమీ అనలేదని రాసినావు. ఈ మూడు నెలలు మంచం మీద పడుకొని నాకు వేరే పనేముంది, అన్నీ గుర్తొస్తాయి. గ్రహణం రోజు మీ ఇంటి ముందు నిలబడి, ఆ ముక్క కంటికి అడ్డం పెట్టుకొని, "ఒరే ఆవులప్పా, ఈ మూలలో తెల్లగా ఏందో మచ్చ ఉండాది చూడరా" అన్నాను. నువ్వు నా పక్కనే ఉంటివి. "దుమ్మన్నా, తుడుచుకో" అంటివి. నేను చొక్కా అంచుతో తుడిచినాను. పోలేదు. "ఇంగా గట్టిగా తుడువు" అని నువ్వే చెప్పినావు. గట్టిగా తుడిచి, ఆ మచ్చలోంచే సూర్యుణ్ణి చూసినాను. బాగా కనిపించింది కూడా.

ఇప్పుడు నేను చెప్పేది విను. నేను నోరు తెరవను. నీ కోసం కాదు. రామాంజి పని పోతుంది, అంతే. నా ప్రాణంతో కొన్న పని అది, ఇంక దాన్ని వదులుకునేది లేదు. కానీ వాడు నీ టోకెను పట్టుకోడు. వాడి రొమ్ములో ఏదైనా మచ్చ ఉంటే దాన్ని కూడా నీ పెట్టెలో దాచుకుంటావు, నాకు తెలుసు. వాడిని ఇక్కడికి పిలిపించి చెప్పినాను. ఎందుకని అడిగినాడు. "ఆవులప్ప రొమ్ము ఆవులప్పే చూపించుకోనీ" అన్నాను. లైన్లో ఇంకెవరూ కూడా నీకు నిలబడకుండా వాడు చూసుకుంటాడు. జూన్ నెలాఖరున నీ టోకెను నువ్వే పట్టుకొని, చొక్కా విప్పి, ఆ చల్లటి పలకకు నీ రొమ్మే ఆనించు. ఊపిరి బిగబట్టమంటారు, బిగబట్టు. తర్వాత గంగమ్మను తీసుకొని యాడికి పోతావో నేను ఆలోచించలేదు. నువ్వు నా గురించి ఎంత ఆలోచించినావో అంతే.

వచ్చే సోమవారం రైలుకు వస్తున్నాను. స్టేషనుకు నువ్వు రావాలి. రాకుంటే లైన్లో అందరూ ఎందుకు రాలేదంటారు, దానికి జవాబు నువ్వే చెప్పుకోవాల. నేను నడవలేను, నన్ను నువ్వే ఎత్తి దింపాలి. బరువేమీ లేను. ఆ తర్వాత నేను పోయేదాకా రోజూ షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికి రావాలి. నా మంచం పక్కన కూర్చోవాలి. గురువమ్మ కాఫీ ఇస్తుంది, ఆమెకు అంతా తెలుసు, అయినా ఇస్తుంది, తాగాలి. నేను కక్కితే బేసిను నువ్వే పట్టుకోవాలి. నేల మీద పడితే నువ్వే తుడవాలి. ఎవరైనా వచ్చి "ఇట్లాంటి స్నేహం యాడా చూడలేదప్పా" అంటే తల ఊపాలి. ఏడవకూడదు. స్టేషన్లో ఏడ్చింది చాలు.

డాక్టరు ఇంక తనకు ఆ ముక్కతో పని లేదన్నాడు. కవర్లో పెట్టి పంపుతున్నాను. వెలుతురుకు పెట్టి చూడు. కుడి పక్క మూలలో చింతగింజంత మచ్చ కనిపిస్తుంది. దాన్ని తుడవద్దు.

హనుమప్ప